ఆపిల్ కీబోర్డూ, విండోస్ పెట్టే, మధ్యలో మన తెలుగూ

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఊర్నుంచి బంధువో, చిన్నప్పుడు చదువు చెప్పిన మేష్టారో ఒక ఫైలు పంపుతారు. దాని పేరు చివర పి65 అనో, పిఎండి అనో ఉంటుంది. "నీది కంప్యూటర్ ఉద్యోగమే కదా బాబూ, ఇది తెరిచి రెండు తప్పులున్నాయి, దిద్ది పంపు" అంటారు. మన దగ్గరేమో మాక్‌బుక్, లేకపోతే ఉబుంటు వేసిన లాప్‌టాప్. ఫైలు తెరుచుకోదు. ఏదో తంటాలు పడి తెరిచినా తెలుగు ఉండాల్సిన చోట డాలర్లూ, కొటేషన్ గుర్తులూ, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలూ కనిపిస్తాయి. "ఇంత జీతం తీసుకుంటూ ఇది కూడా రాదా" అని వాళ్ళు పైకి అనరు, అంతే తేడా :)

దీనికి "విండోస్ వేసుకో" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ముక్క వెనక నలభయ్యేళ్ళ చరిత్ర ఉంది. అందులో రెండు సమస్యలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటి ప్రోగ్రాముది, రెండోది అక్షరానిది. మనం ఇన్నేళ్ళుగా మొదటిదాన్ని ఒక మిషను మీంచి ఇంకో మిషను మీదికి మోసుకు తిరుగుతున్నాం. రెండోదాన్ని మాత్రం ఎక్కడ వదిలేశామో అక్కడే ఉంది. ఈ కథ అంతా దాని గురించే.

మొదటి నుంచీ వద్దాం. ఆల్డస్ అనే కంపెనీ 1985లో పేజీమేకర్‌ని విడుదల చేసింది. ఏ కంప్యూటర్ మీద అనుకున్నారు? ఆపిల్ మాకింటాష్ మీద! మాకింటాష్, ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్, అడోబీ వాళ్ళ పోస్ట్‌స్క్రిప్ట్, ఈ పేజీమేకర్ - నాలుగూ కలిసి టేబుల్ మీద పెట్టుకునే ప్రెస్సు అయ్యాయి. 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది ఆల్డస్ స్థాపకుడు పాల్ బ్రైనెర్డ్. విండోస్ మీదికి పేజీమేకర్ వచ్చింది 1987లో. అప్పటికి విండోస్ ఉన్న ఇళ్ళు ఎన్నని? అందుకని పేజీమేకర్ డబ్బాలోనే, అది నడవడానికి సరిపడా విండోస్ ముక్క ఒకటి కలిపి ఇచ్చేవారు. అంటే ఒకప్పుడు ఈ ప్రోగ్రాము తనకి కావలసిన విండోస్‌ని తానే చంకలో పెట్టుకుని వచ్చేది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1994లో ఆల్డస్‌ని అడోబీ కలుపుకుంది. 1996లో 6.5, 2001లో 7.0 వచ్చాయి. అంతే, అదే ఆఖరు. 2004లో అడోబీ పేజీమేకర్ మీద పని ఆపేసి, అందర్నీ ఇన్‌డిజైన్‌కి మారమంది. ప్రపంచంలో చాలామంది మారారు. మన చిన్న ఊళ్ళలోని డిటిపి సెంటర్లు మారలేదు. ఎందుకు మారలేదో తెలియాలంటే తెలుగు అక్షరం దగ్గరికి రావాలి.

ఆ రోజుల్లో ఒక ఫాంటులో 256 గళ్ళు. వాటిల్లో కొన్ని కంట్రోల్ గుర్తులకే పోతాయి. ఇంగ్లీషుకి ఇది ధారాళంగా సరిపోతుంది. మనకో? అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, వత్తుల మీద మళ్ళీ గుణింతాలు. మెటల్ టైపు రోజుల్లో తెలుగు కంపోజిటర్ ముందు వందల అరలున్న కేసులు ఉండేవి ఊరికే కాదు. అందుకని ఫాంటు చేసినవాళ్ళు ఒక ఉపాయం చేశారు. తెలుగు అక్షరాన్ని ముక్కలుగా కోశారు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు, ఒంటి అక్షరం - ఇలా ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో పెట్టారు. పేజీమేకర్ దృష్టిలో అది ఇంగ్లీషే. ఫాంటు మాత్రం తెలుగు బొమ్మలు చూపిస్తుంది. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది పైన చెప్పిన డాలర్లూ టోపీలూనే.

మరి ఏ మీట నొక్కితే ఏ ముక్కలు ఏ వరసలో పడాలో చూసేదెవరు? దానికోసం కీబోర్డుకీ, పేజీమేకర్‌కీ మధ్య కూర్చునే ఒక బుల్లి ప్రోగ్రాము. మన వైపు బాగా వాడుకలోకి వచ్చినవాటిల్లో అను స్క్రిప్ట్ మేనేజర్ ఒకటి, పుణె మాడ్యులర్ కంపెనీ వాళ్ళ శ్రీలిపి ఇంకోటి. ఆపరేటర్ ఒక మీట నొక్కుతాడు, మధ్యవాడు దాన్ని పట్టుకుని మూడు ముక్కలుగా మార్చి పేజీమేకర్‌కి అందిస్తాడు. విండోస్ లోపలికి చెయ్యి పెట్టి చేసే పని ఇది. అంటే ఈ పనితనం మొత్తం విండోస్‌కి కుట్టేసి ఉంది. దానికి తోడు అను ముక్కల వరస వేరు, శ్రీలిపి ముక్కల వరస వేరు. ఒకదాంట్లో కొట్టిన మేటరు ఇంకోదాంట్లో చెత్త.

ఇక్కడే నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. అనులో కీబోర్డు ఎంచుకునే చోట ఆపిల్, మాడ్యులర్, రోమా లాంటి పేర్లు ఉంటాయి. మన ఆపరేటర్లలో చాలామంది చేతికి అలవాటైంది ఆపిల్ లేఅవుట్. జీవితంలో మాకింటాష్‌ని కంటితో చూడని మనిషి కూడా "నాది ఆపిల్ కీబోర్డండీ" అని చెబుతాడు. ఆ కీబోర్డు వాడే సాఫ్ట్‌వేర్ మాత్రం ఆపిల్ లాప్‌టాప్ మీద నడవదు. మాక్ మీద పుట్టిన పేజీమేకర్‌కీ అదే గతి. మాక్ కోసం చేసిన 7.0 పాత మాక్ ఓఎస్ 9 కోసం చేసింది. 2006లో వచ్చిన ఇంటెల్ మాక్‌లలో ఆ పాత సదుపాయం లేదు, 2007 నాటి లెపర్డ్‌తో మిగతావాటికీ పోయింది. పుట్టింటి తలుపు మూసుకున్నాక అత్తిల్లే గతి అన్నట్టు, పేజీమేకర్ విండోస్ మీదే ఉండిపోయింది.

మన జిల్లాల్లో ఈ దుకాణాలు చేసిన పని ఏమిటని ఒక్కసారి ఆలోచించండి. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ప్రైవేటు స్కూళ్ళ ప్రశ్నపత్రాలు - ఇవి కడుపు నింపే పనులు. వీటి మధ్య ఖాళీ దొరికినప్పుడు రిటైరైన మేష్టారి కవితా సంపుటి, కాలేజీ సావనీరు, ఊరి గుడి చరిత్ర, నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన చిన్న పత్రిక. కంపోజ్ చేసి, ప్రూఫు చూసి, ట్రేసింగ్ తీసి ప్రెస్సుకి పంపేవారు. పుస్తకం మూడొందల కాపీలో అయిదొందల కాపీలో వేస్తారు, చుట్టాలకీ స్నేహితులకీ పంచుతారు. ఫైలు మాత్రం సెంటర్లో ఒక సీడీలో ఉండిపోతుంది.

మా మేనమామ విజయనగరంలో చాలా ఏళ్ళు ఈ పనే చేశాడు. నేను కొన్న కొత్త మాక్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటిరా, ఇంత డబ్బు పోసి కొన్నావు, ఇందులో నా పేజీమేకర్ రాదేటి?" అన్నాడు. "రాదు మావయ్యా" అన్నాను. "మరైతే ఏటి లాభం?" అన్నాడు. ఆయన దృష్టిలో కంప్యూటర్ అంటే తన పని జరిగే చోటు. పని జరగకపోతే అది అందమైన పళ్ళెం, అంతే. మనం రోజూ క్లయింట్ల దగ్గర వినే మాటే ఇది, యాస తేడా.

సరే, మనం ఇంజనీర్లం కదా, రాదంటే ఊరుకుంటామా. ఈ మోసుకుపోయే ప్రయత్నాల చరిత్ర కూడా తక్కువదేం కాదు.

లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ 1993లో మొదలైంది. ఇందులో విండోస్ ఉండదు. ప్రోగ్రాము విండోస్‌ని అడిగే ప్రతి పనినీ వైన్ తాను అందుకుని లినక్స్ చేత చేయిస్తుంది. 1.0 రావడానికి 2008 దాకా, అంటే పదిహేనేళ్ళు పట్టింది! మామూలు ప్రోగ్రాములకి వైన్ అద్భుతం. మన కేసులో చిక్కు ఏమిటంటే, నడవాల్సింది ఒక్క ప్రోగ్రాము కాదు. మధ్యన కూర్చుని మీటలు పట్టుకునే ఇంకో ప్రోగ్రాము కూడా దానితో కలిసి నడవాలి. పైగా అది వైన్ లోపలి ప్రోగ్రాములకే మధ్యవర్తి. పక్కనే తెరిచి ఉన్న లినక్స్ ఎడిటర్‌లో తెలుగు కొట్టడానికి పనికిరాదు. ఇక హార్డ్‌వేర్ లాక్ ఉన్న ప్యాకేజీ అయితే ఇంకా తంటా. శ్రీలిపి లాంటివాటితో ఒక బుడిపె ఇచ్చేవారు, అది కంప్యూటర్‌కి తగిలించి ఉంటేనే ప్రోగ్రాము నడుస్తుంది. దాని డ్రైవరు విండోస్ గర్భంలో ఉండాల్సిన సరుకు, వైన్‌లో దానికి చోటు లేదు.

రెండో దారి, విండోస్‌నే లోపల పెట్టేయడం. 2006లో ఇంటెల్ మాక్‌ల మీద బూట్ క్యాంప్, పారలల్స్ వచ్చాయి. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చింది. ఒక విండోస్ ఎక్స్‌పీ ఇమేజ్ చేసుకుని, అందులో పేజీమేకర్, అను వేసుకుని, యూఎస్‌బీ బుడిపెని లోపలికి అప్పగిస్తే పని జరిగేది. 1987 నాటి కథ తిరగబడి వచ్చిందన్నమాట. అప్పుడు పేజీమేకర్ డబ్బాలో విండోస్ వచ్చింది, ఇప్పుడు పేజీమేకర్ కోసం మనం మాక్‌లో ఒక విండోస్ డబ్బా పెట్టుకున్నాం.

ఆ సుఖమూ ఎంతో కాలం నిలవలేదు. 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములకి సెలవు చెప్పింది. పేజీమేకర్ 32 బిట్. వైన్‌ని మాక్ మీద అమ్మే కోడ్‌వీవర్స్ వాళ్ళు దానికీ ఒక అడ్డదారి కనిపెట్టారు, మహానుభావులు. 2020 నవంబర్‌లో ఆపిల్ ఇంటెల్‌ని వదిలి ఎం1 చిప్పు తెచ్చింది. బూట్ క్యాంప్ పోయింది. ఆ చిప్పు మీద మామూలుగా నడిచేది ఆర్మ్ విండోస్. అది పాత ఇంటెల్ ప్రోగ్రాములని అనువదించుకుని నడుపుతుంది గానీ, డ్రైవర్లని అనువదించదు. పాత లాక్ డ్రైవరు ఆర్మ్ కోసం మళ్ళీ రాసి ఉంటే తప్ప పనిచేయదు. ఇరవయ్యేళ్ళ కిందటి బుడిపె కోసం ఎవరు రాస్తారు? ఇక ఇంటెల్ ప్రోగ్రాములని మాక్ మీద నడిపే రోసెట్టా, మాక్ ఓఎస్ 27 తర్వాత చాలా పరిమితంగానే ఉంటుందని ఆపిల్ 2025లో ప్రకటించింది. అంటే కోడ్‌వీవర్స్ వారి దారి కింద నేల కూడా కదులుతోంది.

"మనకెందుకు, విండోస్ మీదే ఉందాం" అంటారా? అక్కడ మాత్రం ఏముంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, ఏడుకి 2020 జనవరిలో, పదికి 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. ఒక్కో సెంటర్లో ఒక మూల ఎక్స్‌పీ పెట్టె, దానికి ఇంటర్నెట్ తగిలించొద్దని హెచ్చరిక, దాని హార్డ్‌డిస్క్ పోతే ఏమిటన్న భయం. అసలు విషయం ఏమిటంటే, 'వేరే రకం లాప్‌టాప్' అన్నది మాక్ ఒక్కటే కాదు. ఇవాళ షాపులో కొనే కొత్త విండోస్ లాప్‌టాప్ కూడా ఆ పాత పేజీమేకర్‌కి పరాయి ఇల్లే.

ఇప్పుడు రెండో సమస్యకి, అక్షరం దగ్గరికి వద్దాం.

ప్రోగ్రాముని మోసుకుపోవడం ఎందుకు అవసరమైంది? ఫైల్లో ఉన్నది తెలుగు కాదు కాబట్టి. తెలుగు బొమ్మ వేయడానికి కావలసిన ముక్కల వరస మాత్రమే ఉంది. ఆ ముక్కలకి అర్థం చెప్పేది ఆ ఫాంటు ఒక్కటే. నిజానికి తెలుగు అక్షరానికి సొంత నంబరు వచ్చి చాలా కాలమైంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి స్థలం ఉంది. అదే ఏడు ఇస్కీ అనే భారతీయ ప్రమాణం కూడా ఖరారైంది. యూనికోడ్‌లో 'శ్రీకాకుళం' అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా వరసగా పది సంకేతాలు. ఏ బొమ్మ ఎలా వేయాలన్నది ఫాంటూ, ఆపరేటింగ్ సిస్టమూ చూసుకుంటాయి. ఫాంటు మార్చినా, మిషను మార్చినా అది శ్రీకాకుళమే.

మరి పదేళ్ళు ఎందుకు పట్టింది? నంబరు ఇవ్వడం తేలిక, బొమ్మ వేయడం కష్టం. విండోస్‌లో తెలుగు గౌతమి ఫాంటుతో వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అదీ సీడీ పెట్టి అదనపు భాషల ఫైళ్ళు ఎక్కించుకుంటేనే. మాక్‌లో తెలుగు ఫాంట్లు సిస్టంతో పాటు వచ్చింది 2011లో, లయన్‌తో. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' అక్షరం పంపితే ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? మన వత్తుల లెక్క అంత పెద్ద కంపెనీకి కూడా అప్పటికి పూర్తిగా అబ్బలేదన్నమాట.

ఈలోగా నెట్టు మీద ఉన్న తెలుగువాళ్ళు ఊరుకోలేదు. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ చేసిన ఆర్టీఎస్‌తో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి కుదిరింది. దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. వీవెన్ గారి లేఖినితో ఏ కంప్యూటర్ మీదైనా తెలుగు రాయడం పిల్లల ఆట అయింది. తలా ఒక ఫాంటుతో ఉన్న పత్రికల సైట్లని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపుని వెన్న నాగార్జున గారు చేశారు. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి పొడిగింపులన్నీ ఆపేసినప్పుడు ఆ దారి మూసుకుంది. అప్పటికి చాలా పత్రికల సైట్లు యూనికోడ్‌కి వచ్చేశాయి గనక సరిపోయింది.

నెట్టు మారింది, డిటిపి సెంటరు మారలేదు. కారణం ఆపరేటర్ల బద్ధకం అనుకుంటే అన్యాయం. పేజీమేకర్‌కి యూనికోడ్ అసలు తెలియదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు సరిగ్గా పడింది 2012లో, సీఎస్6 నుంచి. దాని ధర చిన్న ఊరి సెంటరుకి అందేది కాదు. ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో మన లిపులు సరిగ్గా వచ్చే స్థిరమైన వెర్షన్, 1.6, వచ్చింది 2024 జనవరి 1న. ఇక శుభలేఖకి కావలసిన సొగసైన ఫాంట్లు అనులో బోలెడు. యూనికోడ్‌లో చాలా కాలం గౌతమి, పోతన తప్ప గతి లేదు. ఎవరు మారతారు?

ఆ లోటు తీర్చడంలో సిలికానాంధ్ర చేసిన పని పెద్దది. ఉచితంగా వాడుకునే లైసెన్సుతో పదుల సంఖ్యలో తెలుగు యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి. వాటిల్లో ఒకదాని పేరు గురజాడ, ఇంకోదాని పేరు గిడుగు. విజయనగరం ఆయన ఒకరు, శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పర్లాకిమిడిలో పనిచేసిన ఆయన ఒకరు. ఆ ఫాంట్లు వాళ్ళ జిల్లాల్లోని సెంటర్లలో ఎన్నింట్లో ఉన్నాయంటే మాత్రం... పోనీలెండి.

ఆ ఇద్దరి పేర్లూ వచ్చాయి కాబట్టి ఒక లెక్క చూద్దాం. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. గిడుగు వారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఈ పుస్తకాలు ఇవాళ చేతికి దొరికితే తెరిచి చదువుకోవచ్చు. ఏ డ్రైవరూ అక్కర్లేదు, ఏ బుడిపే అక్కర్లేదు. 1999లో శ్రీకాకుళంలో కంపోజ్ చేసిన ఒక కథల సంపుటి ఫైలుకి మాత్రం ఇవాళ పాత విండోస్, పేజీమేకర్, స్క్రిప్ట్ మేనేజర్, సరిగ్గా అదే వెర్షన్ ఫాంటు, బహుశా ఒక బుడిపె కావాలి. వందేళ్ళ కిందటి కాగితం కంటే పాతికేళ్ళ కిందటి ఫైలు ముసలిదైపోయింది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మేష్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం మొదలుపెట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచాలన్న పట్టుదల ఆయనది. 2021 జూన్‌లో ఆయన పోయారు. ఆ కథలు స్కాన్ అయి నెట్టు మీదికి వచ్చాయి. ఎంత గొప్ప పనో చెప్పలేను. కానీ స్కాన్ అంటే బొమ్మ. అందులో ఒక మాట కోసం వెతకలేం. తమాషా ఏమిటంటే, 90ల చివర నుంచి అచ్చయిన పుస్తకాల్లో చాలావాటిని ఎవరో ఒక ఆపరేటర్ అక్షరం అక్షరం కంప్యూటర్‌లో కొట్టాడు. ఆ కష్టం ఒకసారి అయిపోయింది. ఆ ఫైలు దొరికి, ముక్కలు అక్షరాలుగా మారితే మళ్ళీ కొట్టక్కర్లేదు, బొమ్మలోంచి అక్షరాలు ఏరుకోనక్కర్లేదు. సెంటరు మూసేసి పాత సీపీయూని తుక్కువాడికి తూచేస్తే మాత్రం మిగిలేది కాగితమే.

ఇది మన చేతిలో ఉన్న పని. కాబట్టి చెయ్యదలుచుకున్నవాళ్ళకి నాలుగు మాటలు.

ముందు సీడీలూ, హార్డ్‌డిస్కులూ కాపీ తీసుకోండి. సీడీలు శాశ్వతం కావు. ఫైళ్ళతో పాటు ఆ మిషనులోని ఫాంట్లు కూడా తప్పనిసరి. ఒకే పేరుతో ఉన్న ఫాంటు వెర్షన్ మారితే ముక్కల వరస మారొచ్చు.

తర్వాత, ఫైలు తెరవడానికి ప్రతిసారీ పేజీమేకరే అక్కర్లేదు. 2015 నుంచి లిబ్రాఫీస్ డ్రా పేజీమేకర్ ఫైళ్ళని చదువుతుంది. అది మాక్ మీదా, లినక్స్ మీదా నడుస్తుంది. పేజీ అందం కొంత చెదిరినా మేటరు చేతికొస్తుంది. మనకి కావలసింది అదే. పీడీఎఫ్ తీసి దాచేస్తే చాలు కదా అనుకోకండి. అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగు, వెతుకులాటకి పాత డాలర్లే.

ఆ మేటరుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఈ మార్పిడి ఒక పెద్ద పట్టిక వేసుకుని ముక్కకి బదులు అక్షరం పెట్టడమే అనుకుంటే పొరపాటు. క్రావడి తోక హల్లుకి ఎడమ వైపు మొదలవుతుంది కాబట్టి ఫైల్లో అది హల్లు కంటే ముందే ఉండొచ్చు. యూనికోడ్‌లో అది హల్లు తర్వాత రావాలి. ఆపరేటర్ చూపుకి సరిపోతుందని ఒక వత్తుకి బదులు ఇంకో ముక్క వాడి ఉండొచ్చు. కాబట్టి చివర ఒక మనిషి ప్రూఫు చూడక తప్పదు. ఆ ఊరి యాస తెలిసిన మనిషైతే మరీ మంచిది. లేకపోతే 'ఏటి' అని ఉన్నచోటల్లా తప్పనుకుని 'ఏమిటి' అని దిద్దేస్తారు. గిడుగు వారి జిల్లాకి అంతకంటే అవమానం ఉండదు.

ఇంకో మాట. ఆపరేటర్ని మార్చాలంటే చేతి అలవాటు మార్చమనకండి. ముప్పయ్యేళ్ళ చెయ్యి అది. లినక్స్‌లో ఆపిల్ లేఅవుట్‌తోనే యూనికోడ్ తెలుగు కొట్టే సదుపాయం ఉంది. చెయ్యి అదే, మీట అదే, ఫైల్లో పడేది మాత్రం నిజమైన తెలుగు. మా మావయ్యకి ఇది చూపిస్తే పది నిమిషాలు కొట్టి, "ఇదైతే పర్వానేదు" అన్నాడు. ఆయన ఇచ్చే అత్యున్నత సర్టిఫికెట్ అది :)

వైన్, వర్చువల్‌బాక్స్ తప్పని నేను అనను. ఒక పాత విండోస్ ఇమేజ్ దాచుకోవడం మంచిదే, అనుమానం వస్తే అసలు పేజీ ఎలా ఉండేదో చూసుకోవడానికి. కానీ అది తాళంచెవి లాంటిది. తాళంచెవిని తరం తరం జాగ్రత్తగా అందించుకుంటూ, పెట్టె మాత్రం ఎప్పటికీ తెరవకపోతే ఏం ప్రయోజనం? ఒక్కసారి తెరిచి, లోపలున్నది బయటపెట్టేస్తే ఆ తర్వాత ఏ చిప్పు వచ్చినా, ఏ కంపెనీ ఏది ఆపేసినా మనకి బెంగ లేదు.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి డిటిపి సెంటరుకి ఒకసారి వెళ్ళండి. పాత ఫైళ్ళు ఎక్కడున్నాయని అడగండి. ఒక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్ళండి, రచయిత అనుమతి కూడా అడగడం మరవకండి. ఆ ఎక్స్‌పీ పెట్టె ఇంకా వెలుగుతూ ఉండగానే.